ట్రాలీలో ఎక్కేది ఎవరు?

హైటెక్ సిటీ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఐటీ కారిడార్‌లో ట్రాక్టర్ అంటే ఒక ట్రాఫిక్ సమస్య. నీళ్ల ట్యాంకరునో, కూల్చిన గోడల శిథిలాలతో నిండిన ట్రాలీనో లాక్కుంటూ అది ముందు పోతుంటే వెనుక కార్ల హారన్లు మోగుతాయి. రద్దీ వేళల్లో భారీ వాహనాలపైనా, నెమ్మదిగా నడిచే వాహనాలపైనా సైబరాబాద్ పోలీసులు ఆంక్షలు విధిస్తుంటారు. ఈ ప్రాంతంలోనే ఒక విశ్వవిద్యాలయంలో బోధిస్తున్న నేను ఆ ఆంక్షలను తప్పుపట్టను. గంటకు 30 కిలోమీటర్లు దాటని బండీ, 80 కిలోమీటర్ల వేగంతో దూసుకొచ్చే కారూ ఒకే వరుసలో నడవడం ప్రమాదమే. నా ప్రశ్న వేరు. కార్లకు అడ్డమొచ్చినప్పుడు ప్రభుత్వానికి కనిపించే ట్రాక్టర్, కిక్కిరిసిన కూలీలతో కాలువ గట్టు మీద పోతున్నప్పుడు ఎందుకు కనిపించదు?

2018లో మూడు నెలలైనా తిరగకుండా ఉమ్మడి నల్లగొండ జిల్లా ఈ ప్రశ్నను రెండుసార్లు మన ముందుంచింది. ఏప్రిల్ 6న పీఏ పల్లి మండలం వద్దిపట్ల పరిధిలోని పడమటి తండా నుంచి మిరప కోతకు కూలీలను తీసుకెళ్తున్న ట్రాక్టర్ ఏఎమ్మార్పీ కాలువలో పడి 9 మంది చనిపోయారు. జూన్ 24న వలిగొండ మండలం వేములకొండ దగ్గర మరో ట్రాక్టర్ మూసీ కాలువలో బోల్తాపడి 15 మంది ప్రాణాలు కోల్పోయారు. రెండు చోట్లా మృతులలో అత్యధికులు మహిళా కూలీలే. ఇలాంటి ప్రతి ఘటన తర్వాతా సంతాపాలు వస్తాయి, ఎక్స్‌గ్రేషియా ప్రకటనలు వస్తాయి. డ్రైవర్ నిర్లక్ష్యం అన్న ఒక్క మాటతో చర్చ ముగిసిపోతుంది.

డ్రైవర్ నిర్లక్ష్యం నిజమే కావచ్చు. యంత్రం స్వభావం తెలిసినవారికి అది సగం సమాధానమేనని తెలుస్తుంది. ట్రాక్టర్ దుక్కి కోసం తయారైన యంత్రం. దాని వెనుక చక్రాలకు కుడి, ఎడమ విడివిడి బ్రేకులుంటాయి. చాలు చివర చటుక్కున మలుపు తిరగడానికి అవి పనికొస్తాయి. రోడ్డెక్కే ముందు ఆ రెండు పెడళ్లనూ కలిపి లాకు వేయాలి. వేయకుండా ఒక్కదాన్ని గట్టిగా తొక్కితే ఒక పక్క చక్రమే ఆగి బండి అడ్డం తిరుగుతుంది. ట్రాలీకి తరచుగా సొంత బ్రేకు ఉండదు. ముందు ట్రాక్టర్ ఆగినా వెనుక నుంచి బరువు నెడుతూనే ఉంటుంది. మనుషులకు సీటు లేదు, పట్టుకోవడానికి ఊత లేదు. గతుకు దగ్గర అందరూ ఒక పక్కకు ఒరిగితే ట్రాలీ కూడా ఒరుగుతుంది. వెనుక లైటూ రిఫ్లెక్టరూ లేని ట్రాలీ రాత్రిపూట రోడ్డు పక్కన ఆగి ఉంటే, బైకు మీద వచ్చేవారికి దగ్గరికి వచ్చేదాకా కనిపించదు.

ఈ సంగతి చట్టానికి తెలుసు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ట్రాక్టర్‌ను బరువు మోయడానికి నిర్మించని వాహనంగానే నిర్వచించింది. ట్రాలీ తగిలిస్తే అది సరుకు రవాణా వాహనమవుతుందని 2005లో నట్వర్ పారిఖ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సరుకు బండిలో ఉచితంగా ప్రయాణించే మనుషులకు పరిహారం చెల్లించే బాధ్యత బీమా సంస్థలకు లేదని 2002లోనే ఆశారాణి కేసులో తీర్పు వచ్చింది. 2007 నాటి బ్రిజ్ మోహన్ కేసు మరీ ముఖ్యమైనది. ఇటుక బట్టీ కోసం మట్టి తోలుతున్న ట్రాలీ మీద నుంచి పడి గాయపడిన ఒక కూలీ కథ అది. బీమా వ్యవసాయ పనికే ఉంది, ట్రాలీకి బీమా లేదు, కాబట్టి చట్టప్రకారం సంస్థకు బాధ్యత లేదని కోర్టు తేల్చింది. అయినా తన ప్రత్యేకాధికారంతో, ముందు ఆ కూలీకి చెల్లించి తర్వాత యజమాని నుంచి వసూలు చేసుకోమని ఆదేశించింది. హక్కుగా దక్కవలసిన పరిహారం ఆ కూలీకి న్యాయమూర్తుల కరుణగా దక్కింది. సుప్రీంకోర్టు దాకా వెళ్లలేని కూలీల సంగతేమిటి?

ప్రమాదానికి కులమేమిటని నా విద్యార్థులు కొందరు అడుగుతుంటారు. కాలువ కులం చూసి మింగదు, నిజమే. ఆ ట్రాలీలో ఎవరు ఎక్కుతారన్నదానిలో మాత్రం కులం పాత్ర చాలా ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలోని శ్రామికులలో వ్యవసాయ కూలీలు 30 శాతం. షెడ్యూల్డు కులాల శ్రామికులలో దాదాపు 46 శాతం. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సాగు కమతాల విస్తీర్ణంలో షెడ్యూల్డు కులాల వాటా 9 శాతం లోపే. భూమి ఉన్న ఆసామి కూలీల కోసం వాడకో తండాకో ట్రాలీ పంపిస్తాడు. ఎక్కనంటే ఆ రోజు కూలి పోతుంది, మర్నాడు పిలుపు రాదు. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో మహిళలకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమైంది. మంచిదే. కానీ బస్సు మండల కేంద్రానికి పోతుంది, మిరప చేనుకు పోదు.

ఆ రెండు ప్రమాదాలు జరిగిన ఏడాదే, ఆగస్టులో, రాష్ట్ర ప్రభుత్వం రైతుబీమా ప్రారంభించింది. 18 నుంచి 59 ఏళ్ల రైతు ఏ కారణంతో మరణించినా కుటుంబానికి 5 లక్షల రూపాయలు అందుతాయి. అందుకు షరతు ఒక్కటే, పేరు మీద పట్టా భూమి ఉండాలి. ట్రాక్టర్ యజమానికి ఒక గుంట పట్టా ఉన్నా రక్షణ ఉంది. వెనుక ట్రాలీలో కూర్చున్న భూమిలేని ఆడమనిషికి లేదు. 2025 జనవరిలో మొదలైన ఇందిరమ్మ ఆత్మీయ భరోసా భూమిలేని కూలీని గుర్తించింది. అయితే ఏడాదికి 12 వేల రూపాయల సాయం బీమాకు ప్రత్యామ్నాయం కాజాలదు.

ఇక ఐటీ కారిడార్ సంగతి. సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమయ్యేనాటికి మాదాపూర్, కొండాపూర్ చుట్టుపక్కల పొలాలుండేవి. పొలాలు పోయాయి, ట్రాక్టర్ మిగిలింది. వ్యవసాయం పేరుతో బీమా చేసిన ట్రాక్టర్ ఇక్కడ ఇటుకలు మోస్తూ బోల్తాపడితే, దాని మీది కూలీకి బ్రిజ్ మోహన్ కేసులోని చిక్కే ఎదురవుతుంది. నిషేధమొక్కటే దీనికి మందు కాదు. 2021లో మొదలైన దళితబంధు కింద 10 లక్షల సాయంతో ట్రాక్టర్లూ ఇతర వాహనాలూ తీసుకున్న కుటుంబాలున్నాయి. తరతరాలుగా వెనుక కూర్చున్నవారి పిల్లలు స్టీరింగ్ దగ్గరికి రావడం చిన్న మార్పు కాదు. పగలు వద్దని వారిని రాత్రిలోకి నెట్టేటప్పుడు, ఆ రాత్రి క్షేమంగా గడిచే ఏర్పాటు కూడా ప్రభుత్వమే చూడాలి.

చేయవలసినవి స్పష్టంగానే ఉన్నాయి. రైతుబీమా తరహా బీమాను ఆత్మీయ భరోసా జాబితాలోని ప్రతి కూలీకి వర్తింపజేయాలి. పేర్లు ఇప్పటికే ప్రభుత్వం దగ్గర ఉన్నాయి. పల్లెప్రగతి కింద గ్రామ పంచాయతీలకు ఇచ్చిన ట్రాక్టర్లకూ ట్రాలీలకూ బ్రేకులు, లైట్లు, రిఫ్లెక్టర్లు ముందుగా బిగించి ప్రభుత్వం దారి చూపాలి. వాటి మీద నిలబడి వెళ్లే పారిశుధ్య కార్మికులు ఏ వాడల నుంచి వస్తారో అందరికీ తెలుసు. నాట్లు, కోతల కాలంలో తండాల నుంచీ వాడల నుంచీ ఉదయం పూట చిన్న బస్సులు నడపాలి. కూలీలను ట్రాలీలో ఎక్కించిన యజమాని మీద బాధ్యత ఉండాలి. ఎక్కిన కూలీ పరిహారం మాత్రం పోకూడదు. రోడ్డు ప్రమాదాల నివేదికల్లో మృతుల వయసు, లింగం, వాహనం రకం చూపుతారు. పనికి వెళ్తూ చనిపోయారా, ఏ సామాజిక వర్గం అన్న గడులు కూడా చేర్చాలి.

కులగణన చేసిన రాష్ట్రానికి చావుల లెక్కలో ఒక గడి చేర్చడం కష్టమేమీ కాదు. ఆ లెక్క తేలితే, ట్రాలీ ప్రమాదాలను డ్రైవర్ల తప్పుగా మాత్రమే చూపి తప్పించుకోవడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు.