గురువు కొరకు దుఆ

కూఫా నగరంలో ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) వస్త్ర వర్తకులు. అయినప్పటికీ దాదాపు 18 ఏళ్లు తమ గురువు హమ్మాద్ బిన్ అబీ సులైమాన్ (రహ్మలై) సన్నిధిని విడువలేదు. హిజ్రీ 120లో గురువు మరణించిన పిదప, ప్రతి నమాజులోనూ తల్లిదండ్రులతో పాటు ఆయన మన్నింపు కొరకు దుఆ చేసేవారని చరిత్రకారులు వ్రాశారు. తమ కుమారునికి పెట్టుకున్న పేరు కూడా హమ్మాదే.

ఆ సన్నిధిలో వారు నేర్చినది ధర్మశాస్త్రం ఒక్కటే కాదు. శిష్యుడు అబూ యూసుఫ్ (రహ్మలై) నిరుపేద. సంపాదన కొరకు ఇంటివారు చదువు మాన్పించబోగా, అబూ హనీఫా తమ సొమ్ముతో ఆ కుటుంబాన్ని ఆదుకున్నారు. డబ్బు అయిపోయిందని శిష్యుడు నోరు తెరిచి చెప్పే అవసరమే రానీయలేదు. ఆ పేద శిష్యుడే హారూన్ రషీద్ కాలంలో ప్రధాన ఖాజీ అయ్యారు. తల్లిదండ్రుల కంటే ముందు తమ గురువు కొరకు దుఆ చేసేవారట!

బిడ్డ మదర్సా నుండి రాగానే "ఎన్ని సూరాలు కంఠస్థమయ్యాయి?" అని అడుగుతాము. మంచిదే. ఉస్తాద్ కోపాన్ని ఎలా దిగమింగుతారో, పేద పిల్లవానిని ఎక్కడ కూర్చోబెడతారో అడిగే తల్లిదండ్రులెందరు? బిడ్డ దానిని కూడా రోజూ నేర్చుకుంటూనే ఉన్నాడు. ఈ మాట ముందుగా మా ఉస్తాదులకే వర్తిస్తుంది.

నేటి ఇషా నమాజు తరువాత, మీ చేత తొలి 'అలిఫ్' పలికించిన వారి పేరు బిడ్డల ఎదుట తలచి దుఆ చేయండి.