కార్డు చూసి బస్సెక్కించమనే వాదం

తెలంగాణలో ఆడవాళ్లకు ఇస్తున్న ఉచిత బస్సు గురించి ఒక మాట బాగా పాతుకుపోయింది. టీవీ చర్చల్లో, పెళ్లి భోజనాల దగ్గర, చివరికి బస్సులోనే వినబడుతుంది. "పేదోళ్లకు ఇయ్యండి, ఎవరొద్దన్నరు? జీతాలున్న టీచరమ్మలకు ఎందుకు? తెల్లకార్డు చూసి ఇస్తే సర్కారుకు భారం తగ్గుతది, బస్సుల మంది తగ్గుతరు." వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఇది అమలైతే ముందు బస్సు దిగాల్సి వచ్చేది టీచరమ్మ కాదు, కూలికి పోయే ఆడమనిషి.

కార్డు సంగతే చూద్దాం. పల్లెలో తెల్లకార్డు, అంటే ఆహార భద్రత కార్డు, రావాలంటే ఏడాది ఆదాయం లక్షన్నర దాటకూడదు. భూమి ఉంటే తరి మూడున్నర ఎకరాలు, మెట్ట ఏడున్నర ఎకరాలు మించకూడదు. చందంపేట, డిండి, అమ్రాబాద్ వైపు ఎనిమిదెకరాల చెలక ఉన్న ఇళ్లకు వెళ్లి చూడండి. బోరు వేస్తే దుమ్మే లేస్తుంది. వాన పడితే పత్తి, పడకపోతే ఇంటికి తాళమేసి హైదరాబాదుకో బొంబాయికో వలస. పాసుపుస్తకం లెక్కలో ఆ ఇల్లాలు పేదది కాదు. అదే మండలంలో ఆమె పక్కవాళ్ల చేనులో పత్తి ఏరుతుంటుంది.

అర్హత ఉన్నవాళ్లకైనా కార్డు చేతికొచ్చిందా? కొత్త కార్డుల కోసం జనం ఏళ్ల తరబడి ఎదురుచూశారు. 2025 జూలై 14న సూర్యాపేట జిల్లా తిరుమలగిరిలో ముఖ్యమంత్రి పంపిణీ మొదలుపెట్టేదాకా ఎన్నో ఇళ్లలో కోడలి పేరు ఏ కార్డులోనూ లేదు. పెళ్లి కాగానే పుట్టింటి కార్డులోంచి తీసేశారు, అత్తింటి కార్డులో ఎక్కలేదు. 2023 డిసెంబరు 9న ఈ ఉచిత బస్సు, అంటే మహాలక్ష్మి పథకం, మొదలైనప్పుడు బస్సును ఆ కార్డుకు ముడిపెట్టి ఉంటే, ఏడాదిన్నర పాటు ఆ కోడలు టికెట్టు కొనుక్కుంటూనే ఉండేది. ఆధార్ చూపిస్తే చాలన్నారు కాబట్టే ఎక్కగలిగింది.

ఇది మన దగ్గరి ఇబ్బందే కాదు. న్యూయార్క్ నగరం 2019లో పేదలకు సగం ఛార్జీ పథకం పెట్టింది. దరఖాస్తు చేసుకోవాలి, ఆదాయం రుజువు చేసుకోవాలి. ఏళ్లు గడిచినా అర్హుల్లో చాలామంది ఆ పథకంలో చేరనేలేదు. అంత పెద్ద నగరంలోనే అలా ఉంటే, ఆదాయ ధ్రువపత్రం కోసం మీసేవకూ తహసీల్దారు ఆఫీసుకూ తిరగాల్సిన తండా మనిషి పరిస్థితి వేరే చెప్పాలా? ఒక్కసారి తిరిగితే ఒక రోజు కూలి పోయినట్టే.

పొద్దున పూట దేవరకొండ బస్టాండులో కాసేపు నిలబడితే చాలు. కూలికి పోయే ఆడవాళ్లు లామినేషన్ అంచులు లేచిపోయిన ఆధార్ కార్డు ముందే చేతిలో పట్టుకుని, సద్దిడబ్బా ఉన్న సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు. కండక్టర్ మిషన్ నొక్కి జీరో టికెట్ చింపిస్తాడు. "యాడికమ్మా?" అన్న ఒక్క ప్రశ్నతో పని అయిపోతుంది. ఆమె తన పేదరికాన్ని నలుగురి ముందు నిరూపించుకోవాల్సిన పని లేదు. నా దృష్టిలో ఈ పథకంలో అన్నిటికన్నా విలువైనది ఇదే.

టీచరమ్మ సంగతికి వద్దాం. సూపర్ లగ్జరీ, రాజధాని బస్సుల్లో ఈ పథకం లేదు. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, నగరంలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లకే ఉంది. కారున్నవాళ్లెవరూ కిక్కిరిసిన పల్లెవెలుగులో ఒంటికాలి మీద నిలబడి ప్రయాణం చేయరు. పైగా ఇంటికి ఆదాయం ఉన్నంత మాత్రాన ఆడమనిషి చేతిలో డబ్బున్నట్టు కాదు. మిద్దె ఇల్లు ఉండి కూడా ఆసుపత్రికి పోవడానికి మొగుడి జేబు వైపు చూడాల్సిన ఆడవాళ్లు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు.

లెక్క కూడా చూద్దాం. 2025 జూలై నాటికి 200 కోట్ల ఉచిత ప్రయాణాలు జరిగాయనీ, వాటి విలువ 6,680 కోట్లనీ ప్రభుత్వం చెప్పింది. సగటున ప్రయాణానికి 33 రూపాయలు. పోనురాను 66. ఉపాధి హామీ కూలి 2025-26లో రోజుకు 307 రూపాయలు. అంటే కూలిలో ఐదో వంతుకు పైగా దారిలోనే పోయేది. ఉచిత బస్సు వల్ల ఆడవాళ్లు ఊరికే తిరుగుతున్నారనేవాళ్లు ఈ లెక్కను తమ జీతానికి వేసి చూసుకోవాలి. రోజూ జీతంలో ఐదో వంతు పెట్టి ఎవరైనా ఉద్యోగానికి పోతారా?

రద్దీ నిజం. టికెట్టు కొన్న మగవాళ్లు నిలబడి పోవాల్సి వస్తున్నదన్న బాధా నిజమే. కానీ ఆ రద్దీకి కారణం ఆడవాళ్లు ఎక్కడం కాదు, బండ్లు చాలకపోవడం. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో బస్సు రాని వేళల్లో కూలీలు ఎట్లా పోతున్నారో అందరికీ తెలుసు. 2018 ఏప్రిల్ 6న పీఏ పల్లి మండలం వద్దిపట్ల దగ్గర కూలికి పోతున్న ట్రాక్టరు కాలువలో పడి తొమ్మిది మంది చనిపోయారు. 2019 ఆగస్టు 4న మిడ్జిల్ మండలం కొత్తపల్లి దగ్గర పని ముగించుకుని ఇంటికొస్తున్న కూలీల ఆటోను లారీ గుద్దింది. పది మందికి పైగా పోయారు. జీరో టికెట్ రద్దు చేసి బస్సులోంచి దించే ప్రతి ఆడమనిషీ మళ్లీ ఆ ట్రాక్టరులోకో ఆటోలోకో ఎక్కుతుంది.

ఆటో నడుపుకునేవాళ్ల నష్టాన్ని తక్కువ చేయను. ఏడాదికి 12 వేలు ఇస్తామన్న ఎన్నికల హామీని గట్టిగా అడగాల్సిందే. కూలికి పోయే మగమనిషికీ, అరవై దాటిన ముసలాయనకూ ఛార్జీలో రాయితీ కావాలంటే ఆ డిమాండులో నేనూ కలుస్తాను. ఒకరికి ఇవ్వలేదని ఇంకొకరి దగ్గర గుంజుకోమంటే మాత్రం ఒప్పుకోను.

ప్రభుత్వాన్ని నిలదీయాల్సింది వేరే విషయంలో. జీరో టికెట్ల డబ్బు ఆర్టీసీకి నెలనెలా బకాయి లేకుండా చేరాలి. ఆ డబ్బుతో కొత్త బండ్లు కొనాలి, డ్రైవర్లనూ కండక్టర్లనూ నియమించాలి. 2025 మార్చిలో మహిళా సమాఖ్యల బస్సులను ఆర్టీసీ అద్దెకు తీసుకోవడం మొదలైంది. అట్లాంటి బస్సులను దేవరకొండ, అచ్చంపేట, కోస్గి డిపోలకు ముందుగా ఇచ్చి, కూలీలు పోయే పొద్దుటి పూట, తిరిగొచ్చే మాపటి పూట తండాల దాకా నడపాలి.