ఒక్కసారి వచ్చి వెళ్లినవాళ్లు

కోయంబత్తూరు పీలమేడులోనూ మదురైలోనూ ఉన్న పాత తెలుగు ఇళ్లలో బడి చదువు తమిళం, ఇంటి మాట తెలుగు. తమిళంలో చదివిన కథ తెలుగులో నోటి మాటగా పిల్లలకు అందుతుంది. అపరాధ పరిశోధన అక్కడివారికి కొత్తదేమీ కాదు. తమిళంలో వందలకొద్దీ డిటెక్టివ్ నవలలు రాసిన రాజేష్ కుమార్‌ది కోయంబత్తూరే.

ఇప్పుడు ఆ ఇళ్లకు షెర్లాక్ హోమ్స్ కూడా వస్తున్నాడు, తెర మీద. ఎవరు తీసిన హోమ్స్‌ని చూసినా దాదాపుగా వెనకాలే అతని బద్ధశత్రువు మోరియార్టీ వస్తాడు. హోమ్స్‌నే బోల్తా కొట్టించిన ఐరీన్ ఆడ్లర్, హోమ్స్ అన్న మైక్రాఫ్ట్ సరేసరి.

హోమ్స్ మీద కోనన్ డాయల్ రాసినవి 56 కథలు, 4 నవలలు. ఐరీన్ కనిపించేది 1891 నాటి ఒక్క కథలోనే. మోరియార్టీ 1893లో పుట్టిందే హోమ్స్ కథను ముగించడానికి. అతన్ని హోమ్స్ మిత్రుడు వాట్సన్ చూసేది కూడా దూరం నుంచే. ఆ కాస్త పరిచయంతోనే వాళ్లు మన మనసులో ఉండిపోయారు.

2012లో మొదలైన అమెరికన్ సీరియల్ ఐరీన్‌నీ మోరియార్టీనీ ఒక్కరినే చేసేసింది. మూలాన్ని ఎంతో ప్రేమగా అంటిపెట్టుకున్న జెరెమీ బ్రెట్ సీరియల్ కూడా, 1985లో ఎర్రజుట్టు సంఘం కథ వెనక మోరియార్టీని నిలబెట్టింది. డాయల్ కథలో అతని ఊసే లేదు.

వాళ్లను మళ్లీ మళ్లీ పిలిచే ఆ మమకారం అర్థం కానిది కాదు. నచ్చిన చుట్టం బయల్దేరుతుంటే ఇంకో పూట ఉండమని మనమూ అంటాం. కానీ ప్రతి నేరానికీ మూలం మోరియార్టీయే అయితే, ఎవరు చేశారా అన్న ఆరాటం మనకు మిగలదు.

అంతకన్నా బెంగ మరొకటి. వీళ్ల సందడిలో, బేకర్ వీధి మెట్లెక్కి వచ్చిన మామూలు మనుషులు వెనక్కి జరిగిపోతున్నారు. తాకట్టు కొట్టు జాబెజ్ విల్సన్. ఉద్యోగం కావాలంటే జుట్టు కత్తిరించుకోమన్నారని సలహా అడగడానికొచ్చిన వయొలెట్ హంటర్. బొటనవేలు తెగిపోయిన హైడ్రాలిక్ ఇంజనీరు విక్టర్ హాథర్లీ.

హాథర్లీ కోయంబత్తూరు వాళ్లకు సొంత మనిషిలా అనిపిస్తాడు. మన జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు కలిసి 1937లో దేశంలోనే తొలి విద్యుత్ మోటారు తయారుచేసిన ఊరు అది. పంపులకూ మోటార్లకూ పేరుపడ్డ ఊరు. చేతిపనే బతుకైనవాడికి బొటనవేలు పోవడమంటే ఏమిటో అక్కడ ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

హాథర్లీ కథలో నేరస్థులు దొరకరు. పోయిన వేలు ఎలాగూ రాదు. అయినా నిద్రలేక, నెత్తురోడి వచ్చిన ఆ కుర్రాణ్ని హోమ్స్ సోఫాలో పడుకోబెట్టి, తలకింద దిండు పెట్టి, అతను చెప్పేదంతా ఓపిగ్గా విన్నాడు. నాకు హోమ్స్ తెలివికన్నా ఆ వినడమే గొప్పగా తోస్తుంది.

బతుకులోనూ అంతే కదా. ఎప్పుడో ఒకసారి తళుక్కున మెరిసి వెళ్లినవాళ్ల గురించి ఎన్నాళ్లయినా చెప్పుకుంటాం. చిన్న కష్టం చెప్పుకోవడానికి గడప తొక్కినవాళ్ల పేర్లు అంత తేలిగ్గా గుర్తురావు. మన రోజులు గడిచేది ఎక్కువగా వాళ్ల మధ్యనే.

రేపెవరైనా హోమ్స్‌ని మళ్లీ తెరకెక్కిస్తే హాథర్లీకి ఓ నిండు గంట ఇస్తే బాగుండును. కష్టంలో ఉన్నవాడి మాట చివరిదాకా వినడం కూడా చూడదగ్గ కథే.