దుబాయి పెట్టెలో చెల్లని నోట్లు

కోరుట్ల: గల్ఫ్‌లో ఏ దేశానికి వెళ్లినా ఈ ప్రాంతంలో ‘దుబాయి పోయిండు’ అనే అంటారు. అట్లా పోయే మనిషి పెట్టెలో మామిడికాయ తొక్కు, సకినాల డబ్బాతో పాటు చిన్న పర్సు ఒకటి ఉంటుంది. అందులో నాలుగైదు వేలు మన నోట్లే ఉంటాయి. అవి అక్కడి ఖర్చుకు కావు. రెండేళ్లకు తిరిగివచ్చి తెల్లవారుజామున శంషాబాద్‌లో దిగినప్పుడు చాయ్‌కి, ఊరిదాకా కారు కిరాయికి దాచుకున్నవి. విమానాశ్రయంలో రియాళ్లు మార్చుకుంటే గిట్టదని ప్రతి కార్మికునికీ తెలుసు.

అయితే ఆ రెండేళ్లలో నోటే చెల్లకుండా పోతే అతని గతేమిటి? ఈ ప్రశ్నకు ప్రభుత్వం ఒకసారి తప్పుగాను, ఒకసారి సరిగాను జవాబు చెప్పింది. సరియైన జవాబును శాశ్వతం చేయాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

2016 నవంబరు 8 రాత్రి 500, 1,000 రూపాయల నోట్లు రద్దయిననాడు మా పక్క ఊరి కార్మికుడొకడు దమ్మాంలో ఉన్నాడు. అతని పర్సులో 500 నోట్లు 14 ఉన్నాయి. విదేశాల్లో నివాసముంటున్న మనవారికి 2017 జూన్ 30 వరకు గడువిచ్చారు. మనిషికి 25,000 రూపాయల వరకు మార్చుకోవచ్చునన్నారు. గడువున్నది గదా అని అతడు 2017 మే నెలలో ధైర్యంగానే వచ్చాడు.

గడువు వెనుక ఉన్న షరతులు అతనికెవరూ చెప్పలేదు. విమానం దిగగానే రెడ్ చానల్‌కు వెళ్లి, కస్టమ్స్ వారికి నోట్లు చూపి ధ్రువపత్రం పుచ్చుకోవాలి. అతడు అందరితో పాటు గ్రీన్ చానల్ గుండా బయటకు నడిచాడు. పైగా ఆ నోట్లను మార్చేది రిజర్వు బ్యాంకు వారి ముంబయి, ఢిల్లీ, కోల్‌కతా, చెన్నై, నాగపూర్ కార్యాలయాల్లోనే. హైదరాబాద్‌లో రిజర్వు బ్యాంకు కార్యాలయం ఉన్నా అక్కడ ఈ సౌకర్యం లేదు. అప్పుచేసి నాగపూర్ వెళ్లిన మనిషిని ధ్రువపత్రం లేదని వెనక్కు పంపారు.

అంతటితో పోలేదు. 2017లో వచ్చిన చట్టం ప్రకారం గడువు తీరిన పిదప పాత నోట్లు పదికి మించి దగ్గర ఉంచుకోవడం నేరం. జరిమానా పదివేల వరకు గాని, నోట్ల విలువకు అయిదు రెట్ల వరకు గాని, ఏది ఎక్కువైతే అది పడవచ్చు. ఏడువేలు పోయినవాడికి ముప్పయ్యయిదు వేల భయం పట్టుకుంది. నాలుగు నోట్లు పొయ్యిలో వేశాడు. మిగిలిన పది పెట్టె అడుగునే ఉన్నాయి. “నా చెమట పైసలే గదన్నా, చిత్తుకాగితాలెట్లయితయి?” అని అతడు ఈ విలేకరిని అడిగాడు.

సరిహద్దు దాటే రూపాయిపై ప్రభుత్వం కన్నువేయడం కొత్త గాదు, అకారణమూ గాదు. ఒకప్పుడు కువైట్, బహ్రెయిన్, ఖతార్ దేశాల్లో మన రూపాయే చెలామణి అయ్యేది. దానిని అడ్డుపెట్టుకొని బంగారం దొంగరవాణా పెరగడంతో 1959లో రిజర్వు బ్యాంకు ఆ దేశాల కోసమే వేరే నోట్లు అచ్చువేసింది. నల్లడబ్బు విదేశాలకు పోయి రాకుండా చూడాలంటే హద్దు ఉండవలసిందే. 2014 నుంచి పోయేటప్పుడైనా, వచ్చేటప్పుడైనా మనిషికి 25,000 రూపాయల వరకు అనుమతి ఉన్నది. కార్మికుని అవసరానికి అది చాలు. మా అభ్యంతరం హద్దు మీద కాదు, చెప్పకుండా శిక్షించడం మీద.

అదే 2023 మే 19న 2,000 నోటును ఉపసంహరించినప్పుడు పద్ధతి మారింది. ఆ నోటు చెల్లుబాటును రద్దు చేయలేదు. అక్టోబరు 7న బ్యాంకుల్లో గడువు ముగిసిన తరువాత కూడా రిజర్వు బ్యాంకు వారి 19 కార్యాలయాల్లో మార్పిడికి వీలు కల్పించారు. వాటిలో హైదరాబాద్ కూడా ఉన్నది. పోస్టాఫీసు ద్వారా నోట్లు పంపితే ఖాతాలో జమ చేసే ఏర్పాటు కూడా చేశారు. ఇది సాధ్యమైనప్పుడు, 2017లో ఎందుకు కాలేదు?

ఇప్పుడంతా ఫోనులోనే చెల్లింపులు గదా, నోట్లెందుకని కొందరంటారు. రెండేళ్లు రీచార్జి చేయని సిమ్ము పనిచేయదు. సిమ్ము లేనిదే ఖాతా ఫోనులో కదలదు. తెల్లవారుజామున శంషాబాద్‌లో నిలబడినవానికి చేతిలో నోటే దిక్కు.

కనుక అధికారులు మూడు పనులు చేయాలి. ఇకముందు ఏ నోటును రద్దుచేసినా, విదేశాల్లో ఉన్న కార్మికునికి గడువు అతడు స్వదేశంలో దిగిననాటి నుంచి లెక్కించాలి. ప్రతి రాష్ట్ర రాజధానిలో మార్పిడి సౌకర్యం ఉండాలి. 25,000 హద్దు గురించి, కస్టమ్స్ ధ్రువపత్రం గురించి విమానాశ్రయంలోను, పాస్‌పోర్టు కేంద్రాల్లోను తెలుగులో బోర్డులు పెట్టాలి. పోయే ముందు కార్మికులకిచ్చే ఒకరోజు శిక్షణలో కూడా ఈ ముక్క చెప్పాలి.

అంతవరకు పోయేవారు పెద్దనోట్లు కాక వంద నోట్లు పెట్టుకోవడం మేలు. పెట్టెలో పాత 2,000 నోటు దొరికినవారు పారవేయక హైదరాబాద్ సైఫాబాద్‌లోని రిజర్వు బ్యాంకు కార్యాలయంలో విచారించుకోవాలి. పది చెల్లని నోట్లు దాచుకున్న మా పక్క ఊరి మనిషికి మాత్రం ఈ సలహా ఆలస్యమే.