కొండ చూడవచ్చేవారు - కొండ కింద వుండేవారు

విహారయాత్ర అనగానే మనవాళ్ళకు ఊటీ, కొడైకెనాల్ గుర్తుకొస్తాయి. కాస్త డబ్బున్నవాళ్ళకైతే ఆఫ్రికా. కెన్యాలో జీపెక్కి సింహాన్ని చూసివచ్చి, ఆ ఫోటోలు ఏడాదిపాటు బంధువులందరికీ చూపిస్తారు. తప్పులేదు, లోకం చూడవలసిందే. కాని ఉదయగిరి, ఆత్మకూరు పేర్లెత్తితే మాత్రం "ఆడేముందబ్బా, రాళ్ళూ రప్పలూ కరువూ తప్ప!" అంటారు మన జిల్లావాళ్ళే. మెట్ట ప్రాంతం బిడ్డగా ఈ మాటకు జవాబు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

ముందు ఆ రాళ్ళ సంగతే చూద్దాం. నెల్లూరుకు పడమటి దిక్కున, సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, ఊరి నెత్తిన మూడువేల అడుగుల ఎత్తున నిలబడి వుంది ఉదయగిరి దుర్గం. కొండమీద ఎనిమిది, కింద అయిదు, వెరసి 13 కోటలుండేవని పాత గెజిటీర్లు చెబుతాయి. గజపతుల చేతిలో వున్న ఈ దుర్గాన్ని పట్టుకోవడానికి శ్రీకృష్ణదేవరాయలంతటివాడు నెలల తరబడి ముట్టడి వేసి కూర్చోవలసి వచ్చింది. చివరకు 1514లో కోట లొంగింది. ఇక్కడి బాలకృష్ణుని విగ్రహాన్ని రాయలు హంపీకి తరలించి, అక్కడ గుడి కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో వుంది. హంపీలో ఆ గుడి చూసివచ్చిన తెలుగువాళ్ళు వేలకు వేలు. ఆ కృష్ణుడు ఏ కొండ దిగి వెళ్ళాడో చూద్దామని వచ్చినవాళ్ళెందరు? వచ్చేవాళ్ళలో గుప్తనిధుల వేటగాళ్ళు మాత్రం వున్నారు. గుళ్ళలో వాళ్ళు తవ్విన గోతులే అందుకు సాక్ష్యం.

ఆ చుట్టుపక్కల చూడదగ్గవి ఇంకా వున్నాయి. సీతారామపురం దగ్గర అడవిలో ఘటికసిద్ధేశ్వరం, జిల్లా పొలిమేర దాటగానే కొండరాతిలో తొలిచిన భైరవకోన గుహాలయాలు, ఆత్మకూరు పక్కన కులమతాలతో పనిలేకుండా జనం వచ్చే ఎ.ఎస్.పేట దర్గా, పెన్నకు అడ్డంగా కట్టిన సోమశిల. ఒక్కొక్కదాన్ని గురించీ ఒక్కొక్క వ్యాసం రాయవచ్చు.

ఇక అడవి. వెలిగొండలంటే ఎర్రచందనం పుట్టిల్లు. ఈ తూర్పుకనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా అది సహజంగా పెరగదు. చిరుత, ఎలుగుబంటి, కణితి, కొండచిలువ వున్న కొండలివి. దక్షిణాన పెంచలకోన వైపు, నెల్లూరు, కడప జిల్లాల్లో కలిపి వెయ్యి చదరపు కిలోమీటర్ల పైచిలుకు అడవిని 1997లో పెనుశిల నరసింహ అభయారణ్యంగా ప్రకటించారు.

కలివికోడి కథ మన పాఠ్యపుస్తకాలకు ఎక్కవలసినది. నెల్లూరులో డాక్టరుగా పనిచేసిన జెర్డన్ అనే ఇంగ్లీషువాడు ఈ ప్రాంతపు కొండల్లో దాన్ని గుర్తించాడు. 1848లో దానికి శాస్త్రీయ నామం పెట్టారు. 1900 తర్వాత అది ఎవరి కంటా పడలేదు. జాతే అంతరించిందన్నారు. తర్వాత బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీవాళ్ళు వెతుకుతూ వచ్చి, పల్లెల్లో బొమ్మలు చూపించి విచారించారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర ఆ ఊరి మనిషి ఒకడు రాత్రిపూట లైటు వెలుతురులో దాన్ని పట్టుకున్నాడు. 86 ఏళ్ళుగా శాస్త్రవేత్తలకు దొరకని పిట్ట, పిట్టలు పట్టుకొని బతికే పల్లెటూరి వాడికి దొరికింది!

నేను చెప్పదలచిన ముక్క కూడా ఇదే. అడవి సంగతి తెలిసినవాడు అడవి అంచున వున్నాడు. కాని టూరిజం అనే మాట వినగానే మన పెద్దలకు రోప్‌వే, రిసార్టు, స్వాగత ద్వారం, దానిమీద శిలాఫలకం తోస్తాయి. దారులన్నీ తెలిసిన గొర్రెలకాపరి, చెట్టూ చేమా పేరుపేరునా ఎరిగిన యానాది యువకుడు ఎవరికీ తోచరు. తోస్తే వాచ్‌మన్ ఉద్యోగానికి తోస్తారు!

నమీబియా అనే ఆఫ్రికా దేశం 1996లో ఒక చట్టం తెచ్చింది. పల్లెవాళ్ళు సంఘంగా ఏర్పడి, తమ హద్దులు గీసుకొని, కమిటీ వేసుకుంటే అక్కడి జంతువులపై కొన్ని హక్కులూ, యాత్రికుల వల్ల వచ్చే ఆదాయమూ ఆ సంఘానికి దక్కుతాయి. అలాంటి సంఘాలు నేడు ఎనభైకి పైగా వున్నాయి. అక్కడా చిక్కులు లేకపోలేదు. ఏనుగులు చేలమీద పడతాయి, కరువు వస్తుంది. అయినా జంతువు బతికుంటేనే తమకు లాభమని పల్లెకు తెలిసింది. అంతదూరం ఎందుకు, మన మారేడుమిల్లిలోనే స్థానిక గిరిజనుల చేత అటవీశాఖవారు వనవిహారి నడిపిస్తున్నారు. మారేడుమిల్లిలో సాధ్యమైనది ఉదయగిరిలో ఎందుకు కాదు?

జనాన్ని కొండకు తోలితే అడవి పాడు కాదా అని మీరడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. అడ్డూ ఆపూ లేకుండా తోలితే తప్పక పాడవుతుంది. అందుకే రోజుకు ఇంతమందే అని లెక్క వుండాలి. పర్మిట్ లేకుండా, స్థానికుడు తోడు లేకుండా పైకి పోనివ్వకూడదు. పాటల పెట్టెలూ, ప్లాస్టిక్ సంచులూ కిందనే ఆగిపోవాలి. కలివికోడి వంటి రాత్రి తిరిగే పిట్టల జోలికి యాత్రికులు పోనేకూడదు. దాన్ని కాపాడటానికి తెలుగుగంగ కాలువ దారినే మార్చారు. మన సరదా అంతకంటే ముఖ్యం కాదు.

కొండకింద ఉదయగిరిలో కర్ర గరిటెలు, చెంచాలు నగిషీగా చెక్కే కుటుంబాలున్నాయి. ఆ పనితనానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గుర్తింపు కూడు పెట్టదు కదా! కొనేవాడు రావాలి. చెక్కడానికి కావలసిన నర్ది, బిక్కి చెట్లు అడవిలో తరగకుండా నాటాలి. కొండెక్కి దిగినవాడు గరిటె కొనుక్కుపోతే, ఆ డబ్బులో కొంత మొక్కలు నాటడానికి పోతే, అడవికీ చేతిపనికీ రెంటికీ ఆయుష్షు.

మెట్టలో వానలు తక్కువ. మా ఈడు కుర్రాళ్ళు బెంగుళూరుకో, చెన్నైకో, గల్ఫుకో పోతున్నారు. ఎర్రచందనం దొంగల కూలి డబ్బుకు ఆశపడ్డవాడు జైలుకు పోతాడు. కొట్టించినవాడు కారులో తిరుగుతాడు. అదే అడవికి దారి చూపితే గౌరవంగా నాలుగు రూపాయలు దొరుకుతాయంటే గొడ్డలి పట్టేవాడెవడు?

ప్రభుత్వం చేసేదాకా కాచుకొని కూర్చోనక్కరలేదు. మన యూనియన్ ఏటా ఎక్స్‌కర్షన్ వేస్తూనే వుంది. ఈసారి చలికాలంలో ఉదయగిరికి వేద్దాం. చరిత్ర శాఖవారు శాసనాలు చూపిస్తారు, జంతుశాస్త్రం వారు పిట్టల పేర్లు రాసుకుంటారు. దారి చూపడానికి ఆ ఊరి మనిషినే పెట్టుకొని, బేరమాడకుండా కూలి ఇద్దాం. తలా ఒక గరిటె కొందాం. మన చెత్త మనమే మోసుకొద్దాం. ఒక్క కాలేజీ బస్సు వల్ల ఊరు బాగుపడుతుందని నేననడం లేదు. కాని తమ కొండకు విలువ వుందని ఆ ఊరివాళ్ళకు తెలియడానికి మొదట ఒక బస్సు రావాలి కదా!