ఈ పలకకు తెలుగు వచ్చునా?



ఈ నెల మంత్రాలయం నుంచి ఏడో తరగతి అమ్మాయి ఒకతె ఇలా అడిగింది: "బెంగళూరులో ఉన్న మా మామకు తెలిసినవారు తమ పాత ఈ-రీడరును చవకగా అమ్ముతారట. కొంటే నా హుండీ అంతా ఖాళీ అవుతుంది. మా జేజికి కథలంటే ప్రాణం, కాని చిన్న అక్షరాలు ఆనవు. అది ఆమెకు పనికివస్తుందా? కొనమంటారా, వద్దంటారా?"

హుండీ పగలగొట్టడం ఒక్క నిమిషం పని. నింపడం ఏడాది పని. కనుక తొందరపడకుండా, ముందు ఆ వస్తువు ఎలా పనిచేస్తుందో చూద్దాం.

వేసవి మధ్యాహ్నం తుంగభద్ర ఒడ్డున నిలబడి సెల్‌ఫోను తెర చూడండి. అక్షరాలకు బదులు మీ ముఖమే కనిపిస్తుంది! ఫోను తన వెలుగుతో తాను అక్షరాలు చూపిస్తుంది. సూర్యుడి ముందు ఆ వెలుగు ఏపాటిది?

ఈ-రీడరు అలాంటిది కాదు. అది మన పలకకు చుట్టం. పలకకు సొంత వెలుగు లేదు. దానిమీద పడిన వెలుగే తిరిగి మన కంటికి చేరుతుంది. అందుచేత ఎండ ఎంత ఉంటే అక్షరం అంత స్పష్టంగా కనిపిస్తుంది.

మరి బలపం లేకుండా అక్షరం ఎలా వచ్చింది? ఆ తెరలో వెంట్రుక మందాన ఉండే బుడగలు లక్షల కొద్దీ ఉంటాయి. ఒక్కొక్క బుడగలో ఒక ద్రవం, ఆ ద్రవంలో తెల్ల నలుసులు, నల్ల నలుసులు ఉంటాయి. తెల్లవాటికి ఒక రకం విద్యుదావేశం, నల్లవాటికి దానికి వ్యతిరేకమైన ఆవేశం. తెర వెనక విద్యుత్తును మార్చితే ఒకచోట నల్లవి పైకి వస్తాయి, మరొకచోట తెల్లవి పైకి వస్తాయి. అవే అక్షరాలు! ఒకసారి పైకి వచ్చిన నలుసు, మళ్ళీ కదిలించేదాకా అక్కడే ఉంటుంది. పేజీ తిప్పినప్పుడే విద్యుత్తు ఎక్కువ కావాలి. అందుకే ఒకసారి చార్జి చేస్తే రోజుల తరబడి, ఒక్కొక్కప్పుడు వారాల తరబడి చదువుకోవచ్చు. ఇటువంటి తెరతో మొదటి ఈ-రీడరు 2004లో జపానులో అమ్మకానికి వచ్చింది.

ఇక కొనే సంగతి. కథలు చదువుకోవడానికి 6 అంగుళాల తెర చాలు. అంగుళానికి ఎన్ని చుక్కలో అడగండి. పాతవాటిలో 167 ఉంటాయి, మంచివాటిలో 300 ఉంటాయి. మన తెలుగులో అక్షరం కింద వత్తు, పైన గుడి, పక్కన సున్నా! చుక్కలు తక్కువైతే వత్తులు అలుక్కుపోతాయి. రాత్రిపూట చదవాలంటే తెర అంచున చిన్న దీపాలున్నది కావాలి. ఆ దీపాల వెలుగు పేజీమీద పడుతుంది. నిల్వచోటు 8 జీబీ ఉంటే, మాటలు మాత్రమే ఉన్న కథల పుస్తకాలు వేల కొద్దీ పడతాయి.

ఇవన్నీ బాగున్నా అసలు పరీక్ష వేరే ఉన్నది. ఆ యంత్రానికి తెలుగు వచ్చునా?

"మంత్రాలయం" అన్న మాటనే తీసుకోండి. అందులోని "త్రా" మనకు ఒకే అక్షరం. యంత్రం దాన్ని త, పొల్లు, ర, దీర్ఘం అని నాలుగు ముక్కలుగా దాచుకుంటుంది. చూపించేటప్పుడు వాటిని అతికించాలి. ఆ విద్య తెలియని యంత్రం త పక్కన పొల్లు పెట్టి, రా వేరుగా పడేస్తుంది. తెలుగు అక్షరాలే లేని యంత్రమైతే మాటకు బదులు ఖాళీ గళ్ళు చూపిస్తుంది. కనుక "మంత్రాలయం, తుంగభద్ర, రాష్ట్రం" అన్న మూడు మాటలు ఒక చిన్న ఫైలులో రాసి మామకు పంపు. వాటిని ఆ యంత్రంలో తెరిచి, ఫొటో తీసి పంపమను. పైసా ఇవ్వకముందే సంగతి తేలిపోతుంది!

ఇంకొక చిక్కు. పాత తెలుగు పుస్తకాలు చాలావరకు పేజీల ఫొటోలుగా దొరుకుతాయి. ఫొటోలో అక్షరం ఒక్కటే పెరగదు, పేజీ మొత్తం పెరుగుతుంది. అప్పుడు ప్రతి వరుసకూ పేజీని అటూ ఇటూ జరుపుకోవాలి. జేజికి అది విసుగు. ఈపబ్ అనే రకం పుస్తకంలో అయితే అక్షరాన్ని చింతగింజంత చేసినా వరుసలు వాటంతట అవే సర్దుకుంటాయి. తెలుగు వికీసోర్సులో ఉన్న పుస్తకాలను ఈ రకంగా ఉచితంగా దించుకోవచ్చు. మన దేశంలో రచయిత చనిపోయిన తరవాత 60 ఏళ్ళకు ఆయన రచనలు అందరివీ అవుతాయి. 1915లో చనిపోయిన గురజాడ, 1919లో చనిపోయిన కందుకూరి వీరేశలింగం ఎప్పుడో మనవారైపోయారు!

పాత యంత్రం కాబట్టి మరో రెండు సంగతులు. తెరమీద చెరగని గీతలు ఉన్నాయేమో, ఒక రాత్రి ఉంచితే బ్యాటరీ ఎంత దిగుతున్నదో మామను చూడమను. పేజీ తిప్పినప్పుడు తెర ఒక్కసారి మినుకుమంటే భయపడవద్దు. పాత అక్షరాల నీడ చెరపడానికి అది అలా చేస్తుంది.

వాడేటప్పుడు కూడా జాగ్రత్త కావాలి. ఎండలో అక్షరం బాగా కనిపిస్తుంది గాని, బ్యాటరీకి ఎండ పడదు. వేడెక్కిన కడప బండమీద పెట్టి వెళ్ళవద్దు. వేపచెట్టు నీడ మేలు. దుమ్ము పడకుండా గుడ్డసంచి కుట్టించు. లోపలి గాజు పలచన, పుస్తకాల బరువు కింద పెడితే పగులుతుంది.

ఇప్పుడు నీ ప్రశ్నకు జవాబు. మూడు మాటలూ సరిగా వచ్చి, అక్షరం పెద్దది అవుతుంటే కొనుక్కో. జేజి ఒళ్ళో అది గ్రంథాలయమే అవుతుంది. తెలుగు రాకపోతే మాత్రం సగం ధరకు ఇచ్చినా వద్దు. ఆ డబ్బుతో పెద్ద అక్షరాల పుస్తకాలు నాలుగు కొని, మిగిలింది హుండీలోనే ఉంచు. అంతవరకూ ఇంట్లో ఉన్న ఫోనులో అక్షరాలు పెద్దవి చేసి, నీడన కూర్చుని నువ్వే చదివి వినిపించు. జేజికి కావలసింది కథ, యంత్రం కాదు గదా!

మామ పంపే ఫొటోలో "మంత్రాలయం" ఎలా వచ్చిందో మాకు తప్పక రాయి.