తీగ లేని పీఠమా, తీగ దాచిన పీఠమా?

"వైర్‌లెస్" అనే మాటకు మనవాళ్లు "నిస్తంత్రి" అని పేరు పెట్టుకున్నారు. చక్కని మాట. దేనినుండి తంత్రి తొలగిపోయిందో అది నిస్తంత్రి. బహువ్రీహి సమాసం కనుక అర్థం అందులోని రెండు పదాలలో దేనిమీదా నిలవదు. వాటికి వెలుపలనున్న మూడో వస్తువు మీదికి పోతుంది. తరగతిలో బహువ్రీహి చెప్పినప్పుడల్లా పిల్లలను నేనడిగే ప్రశ్న ఒక్కటే: "ఆ మూడోది ఏదిరా?" ట్యాబును నిలబెట్టి ఛార్జి చేసే నిస్తంత్రి పీఠాలను, అదే వైర్‌లెస్ డాకులను, పొగిడేవారిని కూడా ఆ ప్రశ్నే అడుగుతున్నాను. తీగ తొలగిపోయింది దేనినుండి? ట్యాబునుండా, పీఠంనుండా, గోడనుండా?

వస్తువును చూడండి. బల్లమీద పీఠం ఉంటుంది. దానికి ట్యాబును ఆనించి నిలబెడతాం. ట్యాబుకు ఏ తీగా గుచ్చనక్కరలేదు, నిజమే. కాని పీఠం వెనకనుంచి ఒక తీగ బయలుదేరి గోడమీది ప్లగ్గు దాకా పోతుంది. అది లేనినాడు పీఠం వట్టి ప్లాస్టిక్ దిమ్మ. అంటే తీగ పోలేదు. రెండడుగులు వెనక్కి జరిగి, మన కంటికి చాటయింది. దాన్ని "తీగ లేనిది" అనడం అర్థవంతం కాదు. "తీగ దాచినది" అంటే సరిపోతుంది.

ఇంత చిన్న వస్తువుకు ఇంత వ్యాకరణం ఎందుకంటారా? కారణముంది. మా జహీరాబాదులో కొందరం విశ్రాంత ఉపాధ్యాయులం చందాలు వేసుకొని, ఒక చిన్న పఠనమందిరానికి నాలుగు ట్యాబులు కొనాలని తలపెట్టాం. చూపు మందగించిన మావంటివారికి ట్యాబు వరమే. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం కింద స్కాను చేసిన పాత తెలుగు పుస్తకాలు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. ఫోను తెరమీద ఆ పుటలు చీమలబారులా కనిపిస్తాయి. ట్యాబుమీద వేళ్లతో పెద్దవి చేసుకొని హాయిగా చదవవచ్చు. ఇంతవరకు అందరిదీ ఒకటే మాట. ఆపైన మిత్రులొకరు, "ఈ జమానాలో ఇంకా వైర్లెందుకు సారూ! నాలుగు వైర్‌లెస్ డాకులు గూడా తీసుకుందాం. చూసేటోళ్లకు ఇజ్జత్‌గా ఉంటది" అన్నారు. కూర్చున్నవారిలో ఎక్కువమంది తలలూపారు.

ఆ తల ఊపడం మీదనే నా అభ్యంతరం. సొమ్ము చందాదారులది. చదువు పిల్లలదీ వృద్ధులదీ. చూసేవారి మెప్పు కోసం ఆ సొమ్మును అలంకారానికి వెచ్చించే హక్కు మనకు లేదు.

ముందు ఇది పనిచేసే తీరు తెలుసుకుందాం. ఇందులో మంత్రమేమీ లేదు. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణమే దీనికి మూలం. పొలం గట్టున ఉండే ట్రాన్స్‌ఫార్మరు మన రైతులకు కొత్త కాదు. అందులో రెండు తీగచుట్టలుంటాయి. అవి ఒకదానినొకటి తాకవు. అయినా ఒకదానిలోని విద్యుత్తు మార్పులు రెండోదానిలో విద్యుత్తును పుట్టిస్తాయి. పీఠంలో ఒక చుట్ట, ట్యాబు వీపులో మరొక చుట్ట. ఇదీ అదే సూత్రం. కాని ట్రాన్స్‌ఫార్మరులో రెండు చుట్టలనూ కలిపే ఇనుప గుండె ఉంటుంది. అందుచేత నష్టం స్వల్పం. పీఠానికీ ట్యాబుకూ నడుమ ఉన్నవి కాస్త గాలి, కాస్త ప్లాస్టిక్. చుట్టలు ఎదురెదురుగా కుదరకుండా కొద్దిగా పక్కకు జరిగినా శక్తి దారితప్పి వేడిగా మారుతుంది. బోరు నీళ్లను పైపులో చెరకు మొదలు దాకా పంపడానికీ, మట్టికాలువలో పారించడానికీ ఎంత తేడా ఉందో, తీగకూ పీఠానికీ అటువంటి తేడానే ఉంది.

ఈ పద్ధతికి ప్రమాణాలు నిర్ణయించే వైర్‌లెస్ పవర్ కన్సార్షియం 2008లో ఏర్పడింది. వారు తమ ప్రమాణానికి పెట్టుకున్న పేరు "క్యూఐ" అన్న రెండక్షరాలు; పలకడం మాత్రం "చీ" అని. ప్రాణశక్తి అనే అర్థం గల చైనా మాట అది. మన చెవికి మరోలా వినిపిస్తే ఆ నేరం నాది కాదు. చుట్టలు సరిగ్గా కుదరని లోపాన్ని తీర్చడానికి 2023లో క్యూఐ2 అనే ప్రమాణంలో అయస్కాంతాలు చేర్చారు. అది మెరుగే, ఒప్పుకుంటాను. అయినా నడిమి ఎడం ఎడంగానే ఉంది.

ఇక నష్టం లెక్క. 2020లో వన్‌జీరో అనే అమెరికా పత్రిక ఒక పిక్సెల్ 4 ఫోనుతో కొలిచి చూస్తే, తీగతో అయినదానికంటే నిస్తంత్రి పద్ధతిలో సగటున 47 శాతం ఎక్కువ విద్యుత్తు ఖర్చయింది. ఈ అంకె చూపి గుండెలు బాదుకోవడం నా ఉద్దేశం కాదు. 5100 మిల్లీ ఆంపియర్ అవర్ల చిన్న ట్యాబు బ్యాటరీ నిండడానికి సుమారు 20 వాట్ అవర్లు కావాలి. రోజుకొకసారి నింపితే ఏడాదికి ఏడు యూనిట్ల పైచిలుకు. దానిమీద 47 శాతం అంటే మూడున్నర యూనిట్లు. ట్యాబు లేనప్పుడు కూడా ప్లగ్గులో ఉన్న పీఠం అర వాటు తాగుతుందనుకుంటే, దానికి మరో నాలుగు యూనిట్లు. ఒక ఇంటికి ఇది టీ ఖర్చు. కరెంటు బిల్లును చూపి ఈ పీఠాన్ని కాదనేవారు బలహీనమైన వాదాన్ని ఎంచుకున్నారు. నా వాదం అది కాదు.

నా వాదం వేడి గురించి. దారితప్పిన ఆ శక్తి ఎక్కడికి పోతుంది? ట్యాబు వీపుకే పోతుంది. అక్కడే పలుచని లిథియం బ్యాటరీ ఉంది. లిథియం బ్యాటరీకి రెండు శత్రువులు: వేడి, నిండుకుండలా ఎల్లవేళలా నూరు శాతం నిండి ఉండడం. పీఠం ఈ రెండింటినీ ఒకచోట చేరుస్తుంది. పొద్దున నిలబెట్టిన ట్యాబు సాయంత్రం దాకా నిండుతూనే, వెచ్చగానే ఉంటుంది. ఐప్యాడ్‌ను 0 నుండి 35 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రతలో వాడమని ఆపిల్ సంస్థే చెబుతుంది. మే నెలలో మా ఊళ్లో రేకుల కప్పు కింద 35 డిగ్రీలు ఏ పూటకు దొరుకుతాయో వారికి చెప్పేవారెవరు? చల్లని దేశాలలో బల్లమీద ముచ్చటగా ఉండే వస్తువు, దక్కను ఎండలో బ్యాటరీ ఆయుష్షును తింటుంది. ట్యాబుకు బ్యాటరీ అతికించి ఉంటుంది. అది చచ్చిందంటే చాలాచోట్ల ట్యాబే చచ్చినట్టు లెక్క.

ఇంకొక సంగతి తలలూపినవారికి తెలిసినట్టు లేదు. చాలా ట్యాబుల వీపులో అసలు ఆ చుట్టే లేదు. ఫోనులో 2017లోనే ఈ సదుపాయం పెట్టిన ఆపిల్, ఐప్యాడ్ వీపును లోహంతోనే ఉంచింది. లోహం ఆ అయస్కాంత క్షేత్రాన్ని అడ్డుకొని తాను వేడెక్కుతుంది. 2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకూ ఉపాధ్యాయులకూ పంచడం మొదలుపెట్టిన ఐదు లక్షల పైచిలుకు ట్యాబులు శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ ఏ7 లైట్ రకానివి. వాటిలోనూ చుట్ట లేదు. ఇటువంటి ట్యాబుల కోసం అంగడిలో ఒక అతుకు అమ్ముతారు: పలుచని చుట్టను వీపుకు అంటించి, దాని కొనను ఛార్జింగు రంధ్రంలో గుచ్చాలి. గమనించండి! తీగ గుచ్చకుండా ఉండడానికి ఒక తీగను శాశ్వతంగా గుచ్చి ఉంచడం! ఇక ఆ రంధ్రంలో పెన్‌డ్రైవు పెట్టడానికి లేదు. అతుకు 5 వాట్లే ఇస్తే, తీగతో 15 వాట్లు తీసుకోగల ట్యాబు మూడు రెట్లు నిదానిస్తుంది. గంటసేపు కరెంటు వచ్చి పోయే రోజున ఆ తేడా ఎంతటిదో చెప్పనక్కరలేదు.

చరిత్ర కూడా నా పక్షానే ఉంది. 2011 జూలైలో హెచ్‌పీ సంస్థ టచ్‌ప్యాడ్ అనే ట్యాబును, దానిని నిలబెట్టడానికి టచ్‌స్టోన్ అనే నిస్తంత్రి పీఠాన్ని అమ్మకానికి తెచ్చింది. ఆగస్టులోనే ఆ ట్యాబును ఆపివేసింది. ట్యాబు పోగానే దానికోసమే మలచిన పీఠం కాగితాలమీద పెట్టే బరువుగా మిగిలింది. తీగకు ఆ గతి పట్టదు. ఒక యంత్రం పోతే మరొక యంత్రానికి పనికివస్తుంది. మరి 2023లో గూగుల్ పిక్సెల్ ట్యాబ్లెట్‌ను పీఠంతో సహా తెచ్చినప్పుడు ఏం చేసింది? చుట్టలు పెట్టలేదు. నాలుగు లోహపు చుక్కలు పెట్టింది. ట్యాబును ఆనిస్తే చుక్కలు చుక్కలను తాకి విద్యుత్తు నేరుగా పోతుంది. గుచ్చే బాధా లేదు, గాలిలో ఒలికే నష్టమూ లేదు.

ఎదుటిపక్షం వాదాలు వినకుండా తీర్పు చెప్పడం ధర్మం కాదు. మాటిమాటికీ గుచ్చితే రంధ్రం అరిగిపోతుంది అంటారు. యూఎస్‌బీ సి రంధ్రం 10,000 సార్లు గుచ్చి తీయడానికి తట్టుకోవాలని ప్రమాణం. రోజుకు రెండుసార్లయితే అది పదమూడేళ్లకు పైమాట. రంధ్రాన్ని చెడగొట్టేది గుచ్చడం కాదు. తీగ తగిలించి ఉండగా లాగడం, దుమ్ము చేరనివ్వడం. ఈ రెంటికీ మందు క్రమశిక్షణ. అది నేర్పడమే కదా మన వృత్తి! వణికే చేతులవారి మాటేమిటి అంటారు. ఆ ప్రశ్న ముందు మాత్రం నేను తలవంచుతాను. చేతులు స్వాధీనంలో లేనివారికీ, చూపు లేనివారికీ ఆనిస్తే చాలనే పీఠం నిజమైన ఉపకారి. వారికోసం ఒకటి కొందాం, చుట్ట గల ట్యాబుతోనో చుక్కలు గల ట్యాబుతోనో జతచేసి. అవసరానికి కొన్నది ఉపకరణం. ఇజ్జత్‌కు కొన్నది ఆభరణం. నాలుగూ ఆభరణాలు కానక్కరలేదు.

నిస్తంత్రి అన్న మాటనే నేను ద్వేషిస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. ఆ మాటకు నిలువెత్తు సార్థకత మా పక్కనే ఉంది. జహీరాబాదుకు దగ్గరలోని మాచునూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైంది. పల్లెల దళిత మహిళలే నడిపే ఆ కేంద్రం వారి విత్తనాల ముచ్చట్లను, పాటలను ఏ తీగా లేకుండా గుడిసె గుడిసెకూ చేర్చింది. అది నిస్తంత్రి! అయితే అక్కడ గాలిలో పోయేది మాట. మాటకు అణువంత శక్తి చేరినా చాలు, మిగిలినది వినే పెట్టె చూసుకుంటుంది. బ్యాటరీ నింపడానికి చేరవలసింది శక్తే. దారిలో ఒలికినదంతా నష్టమే. నికోలా టెస్లా అంతటివాడు 1901లో న్యూయార్కు దగ్గర వార్డెన్‌క్లిఫ్‌లో గోపురం కట్టనారంభించి, మాటతోపాటు శక్తినీ గాలిలో పంపాలని కలగన్నాడు. 1917లో ఆ గోపురాన్ని కూల్చివేశారు. మాటకూ శక్తికీ గల ఈ భేదాన్ని మరపించడానికే అంగడి రెండింటికీ ఒకే విశేషణం తగిలిస్తుంది.

కనుక మనం అడగవలసినవి వేరే ఉన్నాయి. ఐరోపా సమాఖ్యలో 2024 డిసెంబరు 28 నుండి కొత్తగా అమ్మే ఫోన్లకూ ట్యాబులకూ యూఎస్‌బీ సి రంధ్రం తప్పనిసరి. 2027 ఫిబ్రవరి 18 నుండి బ్యాటరీని వాడుకరే విప్పి మార్చుకునే వీలుండాలని కూడా వారు చట్టం చేశారు. మన భారతీయ ప్రమాణాల సంస్థ 2023లో టైప్ సి ప్రమాణాన్ని ప్రకటించింది. మరమ్మతు హక్కుపై కేంద్ర ప్రభుత్వం 2022 జూలైలో ఒక సంఘాన్ని వేసింది. వీటిని గట్టిగా పట్టుకోవాలి. మార్చుకోగల బ్యాటరీ, బాగుచేయగల రంధ్రం, అన్నిటికీ ఒకే తీగ: ఇవి పల్లె పిల్లవాడి ట్యాబును ఐదేళ్లు బతికిస్తాయి. మెరిసే పీఠం ఏ ట్యాబునూ ఒక్కరోజు ఎక్కువ బతికించదు.

మా పఠనమందిరానికి నా ప్రతిపాదన ఇది. నాలుగు గట్టి తీగలు, నాలుగు కర్ర ఆనుబల్లలు. మా వడ్రంగులు చేయలేనిదేమీ కాదది. వేసవిలో బ్యాటరీ 80 శాతం దాటకుండా చూసే ఏర్పాటు ట్యాబులో ఉంటే వాడటం. మిగిలిన సొమ్ము బ్యాటరీల మార్పిడికి నిధి. దీనికి తలలూపమని నేనెవరినీ అడగను. కాదనేవారు లెక్కతో రండి, వాదిద్దాం. ఒక్క షరతు: పీఠాన్ని చేతబట్టుకొని రండి. దాని వెనకనున్న తీగను కూడా చుట్టకుండా, అందరికీ కనిపించేటట్టు తీసుకురండి.